తక్కువ రేటింగ్ ఉన్నవాళ్ళతోనే ఆడితే ఆన్‌లైన్ చెస్ రేటింగ్ పెరుగుతుందా?

మనకంటే బలహీనులను ఏరుకుని ఆడి రేటింగ్ పెంచుకోవచ్చా అని అడిగారు. పెంచుకోవచ్చు, ఓపిక ఉంటే. అంత ఓపికే ఉంటే ఎండ్‌గేమ్‌లు, అంటే ఆట చివరి ఘట్టాలు, నేర్చుకోవచ్చు కదా అంటాను నేను.

నా స్నేహితుడొకడికి ఇదే పని. సైటే జోడీ కలిపే ఆటోమేటిక్ పెయిరింగ్ జోలికి పోడు. ఆటకు సిద్ధంగా ఉన్నవాళ్ళ జాబితా, అదే లాబీ, తెరిచి, తనకంటే నాలుగొందలు తక్కువ ఉన్నవాళ్ళ కోసం వెతుకుతాడు. రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం ఉంటే ముట్టుకోడు. కొత్త ఖాతా, లోపల ఏ మొనగాడున్నాడో ఎవరికి తెలుసు! వేల గేములాడి ఒకే అంకె దగ్గర ఆగిపోయినవాళ్ళే వాడికి కావాలి. ఒక రాత్రి పక్కనే కూర్చుని చూశాను. గెలిచినప్పుడల్లా ఒకటో రెండో పాయింట్లు రాలుతున్నాయి. ఒక గేములో ఎదుటాయనకు ఏ8 మూలలో రాజు తప్ప ఇంకేం మిగల్లేదు. మావాడికి మంత్రి, రెండు బంట్లు ఉన్నాయి గానీ గడియారంలో నాలుగే సెకన్లు. కంగారులో మంత్రిని తెచ్చి బీ6లో పెట్టాడు. రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్, అంటే ఆట డ్రా. ఎదుటాయన చాట్‌లో ‘థాంక్స్’ అని కొట్టి చక్కా పోయాడు.

రేటింగులు కట్టే ఎలో లెక్కలో, గెలుపుకు 100 వంతులు, డ్రాకు 50 అనుకుంటే, 400 తేడా ఉన్నప్పుడు పైవాడు సగటున 91 వంతులు తెచ్చుకోవాలి. గెలిస్తే దక్కేది మిగతా 9 వంతులే. డ్రా అయితే 41 పోతాయి, అంటే నాలుగైదు గెలుపుల కష్టం. ఓడితే పది గెలుపులది. చాలా సైట్లు వాడే గ్లికో పద్ధతిలోనూ తర్కం ఇదే. పైవాళ్ళతోనే ఆడినా అంతే: ఓటములు ఎక్కువ, పోయే పాయింట్లు తక్కువ. కాకపోతే రోజూ ఓడుతుంటే ఆడాలనిపించదు.

అసలు మోసమంతా ఆడేవాళ్ళ గుంపు మూసుకుపోయినప్పుడే. అమెరికాలో క్లాడ్ బ్లడ్‌గుడ్ అనే ఖైదీ వర్జీనియా జైల్లో తోటి ఖైదీలతోనే ఆడి, 1996 నాటికి 2702 రేటింగుతో దేశంలో రెండో స్థానానికి చేరాడు. అతను దేశంలో రెండో గొప్ప ఆటగాడని ఎవరూ నమ్మలేదు. నలుగురైదుగురు స్నేహితులే మళ్ళీ మళ్ళీ ఆడుకుని సంపాదించిన రేటింగులను కూడా నేను అలాగే చూస్తాను.

ఇంతకంటే నాకు ఒళ్ళు మండించేది వేరే ఉంది. పెయిరింగ్ పడగానే మన రేటింగ్ చూసి, ఒక్క ఎత్తు కూడా వేయకుండా అబార్ట్ కొట్టి గేము రద్దు చేసేవాళ్ళు. ఒక గేము ఎలాగో గెలిచి, రీమ్యాచ్ అడిగితే మాయమైపోయేవాళ్ళు. రేటింగ్ పరిధి పెట్టుకునే సదుపాయం సైట్లోనే ఉంది కదా, ముందే అది పెట్టుకుని ఏడవొచ్చుగా! నేనైతే అటూ ఇటూ రెండొందలు పెట్టుకుని, ఎవరు తగిలితే వాళ్ళతో ఆడతాను.