తుపాకుల కౌంటర్ దగ్గరికి వెళ్లే ముందు మీ వీసా చూసుకోండి

సందేహం: హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఈమధ్యే డాలస్ వచ్చాం. పిల్లలకు చేపల అక్వేరియం చూపిద్దామని గ్రేప్‌వైన్‌లోని బాస్ ప్రో షాప్స్‌కు వెళ్లాం. గాలాలు, గుడారాలు అమ్మే చోటే తుపాకులు కూడా వరుసగా పెట్టి అమ్ముతున్నారు. డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే చాలని స్నేహితుడు అంటున్నాడు. ఇంటి రక్షణ కోసం ఒకటి కొనుక్కోవచ్చా?

జవాబు: ఇప్పుడు మీరున్న వీసాలో కొనకూడదు. మీ స్నేహితుడు చెప్పింది అమెరికా పౌరుల సంగతి. హెచ్‌1బి, హెచ్‌4 (వారి భార్యాభర్తలు, పిల్లలు), ఎల్‌1 (కంపెనీ బదిలీ), ఎఫ్‌1 (విద్యార్థి), సందర్శకుల వీసా, వీటిలో దేనిమీద వచ్చినవారైనా ఈ దేశంలో తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా, కింద చెప్పే మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తూటాలకూ ఇదే వర్తిస్తుంది. 2022లో చట్టం మార్చాక దీనికి శిక్ష పదిహేనేళ్ల జైలు వరకు ఉంది. రాష్ట్ర చట్టాలు ఎంత ఉదారంగా ఉన్నా ఈ నిషేధం పోదు. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) దాఖలు చేసి ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికి వచ్చినంత మాత్రాన కూడా నిషేధం తొలగిపోయిందని అనుకోవద్దు. మన వాళ్లు గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లకు పైగా నిలబడుతున్నారు కాబట్టి ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇల్లు కొని, పిల్లలు ఇక్కడే పుట్టి, పన్నులు కడుతూ ఉన్నా చట్టం దృష్టిలో మనం తాత్కాలికంగా వచ్చినవాళ్లమే.

మన ఊళ్లో తుపాకీ కావాలంటే ముందు పోలీసు కమిషనరో కలెక్టరో లైసెన్సు ఇవ్వాలి. అర్హత ఉందో లేదో వాళ్లే తేలుస్తారు. ఇక్కడ మొదటి బాధ్యత కొనేవాడి మీద పడుతుంది. కౌంటర్‌లో ఫారం 4473 అనే పత్రం ఇస్తారు. చాలా దుకాణాల్లో ఇప్పుడు కంప్యూటర్ మీదే నింపిస్తారు. నేర చరిత్ర, మాదకద్రవ్యాలు, గృహహింస కేసులు, పౌరసత్వం, వీసా, అన్నింటి గురించీ అవును, కాదు అని జవాబులు రాసి సంతకం చేయాలి. వీసా ప్రశ్న దగ్గర తెలిసి ‘కాదు’ అని రాస్తే అది విడిగా మరో నేరం. దానికి పదేళ్ల వరకు శిక్ష. తర్వాత దుకాణం వారు కొనేవారి నేపథ్యం పరిశీలించడానికి ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ వ్యవస్థలో, కొన్ని రాష్ట్రాల్లో అక్కడి పోలీసుల ద్వారా, వివరాలు సరిచూస్తారు. నిక్స్ 1998 నవంబరు 30న మొదలైంది. చాలామందికి నిమిషాల్లో జవాబు వస్తుంది. అంత తొందరగా ముగిసిపోతుంది కనుకనే కొత్తవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. దుకాణం వాళ్లు అమ్మారు కాబట్టి తప్పు లేదనుకోవడం పెద్ద పొరపాటు. సంతకం మీది, జవాబుదారీ మీరే.

ఇక వేట లైసెన్సు సంగతి. తాత్కాలిక వీసా ఉన్నవారికి చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. దాన్ని ఇలాంటి దుకాణాల్లోనే అమ్ముతారు. ‘ఆ కాగితం ఒకటి కొనుక్కుంటే సరి’ అని ఇక్కడి మన వాళ్లలో మాట తిరుగుతూ ఉంటుంది. మాట అబద్ధం కాదు, కానీ సగమే. టెక్సస్ వేట లైసెన్సు ఎప్పుడు తీసుకున్నా మామూలుగా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది చేతిలో లేకపోతే, నిన్నటిదాకా చట్టబద్ధంగా బీరువాలో ఉన్న తుపాకీ ఈరోజు నేరమవుతుంది. ఆ తేదీని ఎవరూ గుర్తుచేయరు. పైగా మినహాయింపు ఉన్నా అమ్మాలా వద్దా అన్నది దుకాణం ఇష్టం. నిజంగా వేటకు వెళ్లే అలవాటు ఉండి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి, లైసెన్సు తప్పకుండా పునరుద్ధరించుకునేవారికి ఇది దారి. ఇంటి రక్షణ కోసమని ఈ దారి పట్టవద్దని నా గట్టి సలహా. 2024లో ఒక తెలుగు విద్యార్థి తన తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణం పోయింది. విద్యార్థికి తుపాకీ దొరుకుతుందనే సంగతే కన్నవాళ్లకు అప్పటిదాకా తెలియదు.

పౌరసత్వం ఉన్న స్నేహితుడు తన పేరు మీద కొని ఇస్తానంటే ఇద్దరూ మునిగిపోతారు. ఫారంలో మొదట అడిగేవాటిలో ‘అసలు కొనుగోలుదారు మీరేనా’ అన్నది ఒకటి. అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు, పోలీసులకిచ్చే తగ్గింపు ధర కలిసొస్తుందని బంధువు డబ్బుతో పిస్తోలు కొని, కొనుగోలుదారు తానేనని రాశాడు. ఆ బంధువుకు తుపాకీ ఉంచుకునే అర్హత పూర్తిగా ఉంది. అయినా 2014లో సుప్రీంకోర్టు అది నేరమేనని తేల్చింది. ఇక అర్హతే లేని మీకోసం కొంటే ఏమవుతుందో ఆలోచించండి.

షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీతో సరదాగా కాల్చి ఫొటో పెట్టడం కూడా ఇంతే. కాసేపు చేతిలో ఉన్నా అది దగ్గర ఉంచుకున్నట్టే. ఎమిరేట్స్ నుంచి విద్యార్థి వీసా మీద వచ్చిన రెహైఫ్ అనే యువకుణ్ని ఫ్లోరిడాలో విశ్వవిద్యాలయం తొలగించింది. దాంతో వీసా హోదా పోయింది. తర్వాత అతను రేంజ్‌కు వెళ్లి కాల్చాడు, కొన్ని తూటాలు కొన్నాడు. అంతకుమించి ఎవరికీ హాని చేయలేదు. కింది కోర్టు పద్దెనిమిది నెలల శిక్ష వేసింది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. తన హోదా పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పింది. కేసు అక్కడిదాకా చేరేలోపు ఆ యువకుడి చదువు, భవిష్యత్తు ఏమైపోయాయో మన పిల్లలు ఆలోచించాలి. ఆఫీసు వాళ్లు బృందంగా రేంజ్‌కు పిలిస్తే ‘నా వీసాకు అనుమతి లేదు’ అని చెప్పండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. గ్యాస్ స్టేషన్లలో అనధికారికంగా పనిచేసే విద్యార్థులకు మరో మాట: యజమాని కౌంటర్ కింద పెట్టుకున్న పిస్తోలును ఆత్మరక్షణకని కూడా చేతిలోకి తీసుకోవద్దు. వీసా ఉల్లంఘనకు తోడు తుపాకీ కేసు పడితే బయటపడటం చాలా కష్టం.

గ్రీన్‌కార్డు వచ్చాక పరిస్థితి మారుతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం కొనవచ్చు. ఫారంలో ఇమ్మిగ్రేషన్ వారిచ్చిన ఏలియన్ నంబరు, ఏ దేశ పౌరులో రాయాలి. ఇల్లినాయ్‌లో ముందు ఫోయిడ్ కార్డు (తుపాకీ ఉంచుకునేవారికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి, న్యూజెర్సీలో పోలీసుల అనుమతి పత్రం కావాలి, కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి. మన వాళ్లు ఎక్కువగా ఆగిపోయేది పేరు, చిరునామాల దగ్గర. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, మరో కార్డులో వెనక ఉంటుంది. ఫారంలో పూర్తి చట్టబద్ధమైన పేరు రాయాలి, మధ్య పేరు లేకపోతే ‘ఎన్ఎంఎన్’ అని, ఒట్టి అక్షరమే ఉంటే దాని పక్కన ‘ఐఓ’ అని రాయాలి. డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ చిరునామా ఉంటే ముందు అది మార్చుకోండి, లేదా కారు రిజిస్ట్రేషన్ వంటి ప్రభుత్వ పత్రం తీసుకెళ్లండి. గంజాయి అలవాటు గురించిన ప్రశ్న దగ్గర, రాష్ట్రంలో అనుమతి ఉన్నా ఫెడరల్ చట్టం వేరని ఫారమే హెచ్చరిస్తుంది. సేల్స్‌మన్ తుపాకీ తీసి ముందు తను తెరిచి, లోపల తూటా లేదని చూసి, మీకూ చూపించి చేతికిస్తాడు. మీరూ మరోసారి చూసి, గొట్టాన్ని మనుషులవైపు తిప్పకుండా, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా పట్టుకోండి. ఏది కొన్నా దాంతోపాటే తాళం వేసే పెట్టె కూడా కొనండి.

గ్రీన్‌కార్డుదారులు ఇంకోటి మరవకూడదు. తుపాకీ చట్టాన్ని ఉల్లంఘించినట్టు శిక్ష పడితే అది దేశం నుంచి పంపించివేయడానికి విడిగా ఒక కారణం. చిన్న కేసే కదా అని ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా నేరం ఒప్పుకోవద్దు.

మన ఇళ్లకు అమ్మానాన్నలు ఆరునెలలకు వస్తారు, చదువుకోవడానికి వచ్చిన మేనల్లుడు పక్క గదిలో ఉంటాడు. వాళ్లంతా తాత్కాలిక వీసాలవాళ్లే. పెట్టె తాళం, నంబరు వాళ్లకు తెలియకూడదు, వాళ్ల గదిలో తుపాకీ పెట్టకూడదు. దొంగల భయమే అసలు కారణమైతే బంగారాన్ని బ్యాంకు లాకర్‌కు పంపి, ఇంటికి అలారం పెట్టించండి. వీసాలో ఉన్నవారికి ఇందులో ఏ చిక్కూ లేదు.

రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి వాడవద్దు. అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా దొరికినా శంషాబాద్‌లో 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, విమానం కూడా తప్పిపోతుంది.