దగ్గరి అప్రోచ్‌లకు మెత్తటి పట్టర్: మన మొరం నేల మీద ఏది నిలుస్తుంది?

మీ ప్రశ్న ఇది: హనుమకొండలో డిస్క్ గోల్ఫ్ (పళ్లెంలాంటి డిస్క్‌ని విసిరి బుట్టలో వేసే ఆట) ఆడుతున్నారు, బుట్టకు 20 నుంచి 35 మీటర్ల దూరం నుంచి విసిరితే (దీన్నే అప్రోచ్ అంటాం) డిస్క్ బుట్ట పక్కనే పడుతోంది, కానీ అక్కడ ఆగకుండా జారిపోతోంది. అందుకని బాగా వంగే మెత్తటి పట్టర్ (దగ్గరి దూరాలకు వాడే డిస్క్) కొనాలా అని అడిగారు.

కొనండి. అయితే మెత్తదనం ఒక్కటే చూసి కొనకండి. ముందు గ్లైడ్, అంటే గాల్లో తేలే గుణం, తక్కువున్న డిస్క్‌ని ఎంచుకోండి, ఆ తర్వాత అది మెత్తటి ప్లాస్టిక్‌లో దొరుకుతుందేమో వెతకండి. చాలామంది ఈ వరుస తిరగేస్తారు. ఎంత మెత్తటి డిస్క్ అయినా గ్లైడ్ ఎక్కువుంటే గాల్లో తేలుతూ బుట్ట దాటి పోతుంది.

డిస్క్‌కు ఇచ్చే నాలుగు అంకెలు వరుసగా స్పీడ్, గ్లైడ్, టర్న్ (మొదట్లో వేగంగా ఉన్నప్పుడు పక్కకు తిరగడం), ఫేడ్ (చివర్లో వేగం తగ్గాక రెండో పక్కకు తిరగడం). ఇన్నోవా కంపెనీ ఏవియార్‌వి 2, 3, 0, 1. పట్టింగ్‌కు, అంటే బాగా దగ్గర్నుంచి బుట్టలో వేయడానికి, నాకు చాలా ఇష్టమైన డిస్క్ అది, కానీ అప్రోచ్‌కు తీయను. కాస్టాప్లాస్ట్ కంపెనీ బెర్గ్‌వి 1, 1, 0, 2. అది ఊపు అయిపోగానే దిగిపోతుంది, ముందుకు సాగదు. దాన్నే కె1 సాఫ్ట్ ప్లాస్టిక్‌లో తీసుకుంటే మీ సమస్యకు సరిగ్గా సరిపోతుంది. అది దొరక్కపోతే ఇన్నోవా రైనో చూడండి: 2, 1, 0, 3. చివర్లో పక్కకు కాస్త ఎక్కువ తిరుగుతుంది, అంతే.

ఇక మెత్తదనం దేనికంటే, కింద పడ్డాక జరిగేదానికి. ఎండాకాలంలో మన గ్రౌండ్‌లలో గడ్డి ఎండిపోయి మొరం తేలుతుంది. గట్టి ప్లాస్టిక్ డిస్క్ అంచు దానికి తగలగానే ఎగురుతుంది, ఒక్కోసారి నిలువుగా లేచి చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. మెత్తటిదైతే తగిలిన చోట అంచు లోపలికి నొక్కుకుని ఆ దెబ్బను మింగేస్తుంది, కొంచెం దుమికి అక్కడే పడుతుంది. వానలు పడి గడ్డి లేచాక ఈ తేడా పెద్దగా తెలియదు.

ఎంత మెత్తగా ఉండాలో చేత్తోనే తెలుస్తుంది. డిస్క్‌ని రెండు చేతులతో పట్టుకుని జొన్నరొట్టెలా సగానికి మడవండి. కాస్త బలం పెడితే మడత పడి, వదలగానే చదునుగా వచ్చేయాలి. బలం లేకుండానే మడత పడుతోందంటే వద్దు. అలాంటిది చేతిలోంచి వదిలేటప్పుడు వేళ్ల మధ్యే అంచు వంగి, గాల్లో వణుకుతూ పోతుంది. ఫోర్‌హ్యాండ్‌లో, అంటే అరచేయి ముందుకు పెట్టి విసిరేటప్పుడు, ఇది మరీ ఎక్కువ. ఆన్‌లైన్‌లో మడిచి చూసే వీలుండదు కాబట్టి సాఫ్ట్ అని రాసి ఉన్నది తీసుకోండి, సూపర్ సాఫ్ట్ లాంటి మాట కనిపిస్తే వదిలేయండి. మన మే నెల ఎండకు మామూలు సాఫ్ట్ కూడా ఇంకో మెట్టు మెత్తబడుతుంది. బండి డిక్కీలో, కారు వెనక అద్దం దగ్గర మాత్రం పెట్టకండి, వంకర తిరుగుతుంది. బ్యాగులో బరువు పడకుండా చదునుగా ఉంచండి.

బరువు 170 గ్రాములకు తగ్గనివ్వకండి. పీడీజీఏ (డిస్క్ గోల్ఫ్ నిబంధనలు పెట్టే సంస్థ) నిబంధన ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు. అంటే 21 సెంటీమీటర్లు దాటే పట్టర్‌కు 175 గ్రాముల దాకా వస్తుంది. జూన్, జూలైల్లో వీచే గాలికి తేలిక డిస్క్ ఎటు పోతుందో చెప్పలేం.

ఇంకో మాట, దుమ్ము. మెత్తటి ప్లాస్టిక్‌కు ఎర్రమట్టి తొందరగా పట్టేస్తుంది, పట్టు జారుతుంది. తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి వెంట ఉంచుకుని విసిరే ప్రతిసారీ అంచు లోపలి వైపు కూడా తుడవండి.

కొత్త డిస్క్ వచ్చేదాకా ఇప్పుడున్న పట్టర్‌తోనే ఒకటి చేసి చూడండి. విసిరేటప్పుడు ముందు అంచును కొద్దిగా పైకెత్తి, ఊపు తగ్గించండి. బుట్ట దగ్గరికొచ్చేసరికి వేగం చచ్చి, వెనక అంచు ముందు నేలను తాకుతుంది. జారడం అక్కడే సగం తగ్గుతుంది. ఎదురుగాలి ఉన్నప్పుడు మాత్రం ఇలా విసరకండి, గాలి డిస్క్‌ని పైకి లేపేస్తుంది.