ఆరేళ్లు వచ్చేదాకా ఆగమంటున్నారు, ఆగాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబుకు మూడున్నరేళ్లు. మాటలు రాలేదు, పిలిస్తే తిరిగి చూడడు, ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. అంగన్‌వాడీలో కూర్చోడు. టీచరమ్మ ‘కొంచెం పెద్దగయినంక తీసుకురా’ అంటోంది. మా అత్తమ్మేమో ‘వాళ్ల నాయన కూడా లేటుగనే మాట్లాడిండు’ అంటుంది. ఆరేళ్లకు ప్రత్యేక స్కూల్లో వెయ్యొచ్చట. అప్పటిదాకా ఆగాలా, హైదరాబాద్‌లో గది తీసుకుని థెరపీ చేయించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. ఆరేళ్లన్నది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత చదువుకు పెట్టిన వయసు, దాన్ని పట్టుకుని అంతకుముందు నేర్పేదేమీ లేదన్నట్టు జనం చెప్పేస్తుంటారు. పిల్లలు త్వరగా నేర్చుకునేది ఈ చిన్న వయసులోనే. వాళ్ల నాన్న లేటుగా మాట్లాడి ఉండొచ్చు, కాదనను, కానీ పిలిస్తే చూసేవాడా, కావాల్సింది వేలితో చూపించేవాడా అని అత్తమ్మను అడగండి. మాట ఒక్కటే ఆలస్యమైతే వేరు, మీరు రాసినవన్నీ కలిసి ఉంటే వేరు.

ముందు చెవులు చూపించండి. ఫోన్‌లో పాట మోగితే పరిగెత్తుకొస్తాడు కాబట్టి వినికిడి బాగానే ఉందనుకుంటారు చాలామంది, కొన్ని శబ్దాలే వినిపించే పిల్లలూ ఉంటారు. నిద్రలో ఉండగా చేసే బెరా అనే వినికిడి పరీక్షతో విషయం తెలుస్తుంది. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్ల టీమ్ రావాలి, వాళ్లు జిల్లా కేంద్రంలో పిల్లల ఎదుగుదల లోపాలను చూసే డీఈఐసీకి రాసిస్తారు. వాళ్లు వచ్చేదాకా ఎదురుచూడకుండా మీరే పీహెచ్‌సీలో అడగండి. ఆటిజమా, ఇంకోటా అన్నది తేలకపోయినా, వైకల్య సర్టిఫికెట్ చేతికి రాకపోయినా ఇంట్లో నేర్పడం మొదలుపెట్టొచ్చు.

ఎలాగంటే, బిస్కెట్లను మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, బయటికి కనపడేలా పెట్టండి. తెరవలేక మీ చేతికిస్తాడు. వెంటనే తీయకండి, వాడి ముఖానికి ఎదురుగా కూర్చుని ‘తియ్యి’ అని ఒక్క మాటే అని కాసేపు ఆగండి. మీవైపు చూసినా సరే, గొంతులోంచి ఏ శబ్దం వచ్చినా సరే, తెరిచి ఒక్కటంటే ఒక్క బిస్కెటే ఇవ్వండి, మళ్లీ అడగాలి కదా. లాగు తొడగడమూ అంతే: నడుము దగ్గరిదాకా మీరు లాగి చివరి జానెడు వాడికి వదలండి, అది వచ్చాక మోకాళ్ల దగ్గర వదలండి. ప్రత్యేక విద్య అంటే ఈ వయసులో చాలావరకు ఇదే. ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టే అలవాటుంటే మాత్రం మానేయండి, ఎంత ఏడ్చినా.

అంగన్‌వాడీ మాన్పించొద్దు. ఇలాంటి పిల్లల్ని గుర్తించి, అందరితో కలిపి కూర్చోబెట్టాలని 2023 నవంబర్‌లో కేంద్రం అంగన్‌వాడీలకు ప్రత్యేకంగా ప్రోటోకాల్ ఇచ్చింది. అలాగని టీచరమ్మతో గొడవకు దిగకండి, రిజిస్టర్లతోనే ఆమెకు సగం పొద్దు పోతుంది. పాటలు, ఆటలు ఉండే అరగంటకే తీసుకొస్తాను, నేనూ పక్కన కూర్చుంటాను అనండి, ఒప్పుకుంటుంది. మీ మండలంలో దివ్యాంగ పిల్లలకు నేర్పే ప్రభుత్వ భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి.

హైదరాబాద్ ఒకసారి వెళ్లి రండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో బాబును పరీక్షించి, ఇంట్లో ఏం చేయాలో చూపిస్తారు. వారానికి రెండు మూడు గంటల థెరపీ కోసం ఇల్లూ పనీ వదిలి గది అద్దెలు కట్టడం నాకైతే నచ్చదు, మిగతా పొద్దంతా వాడు ఉండేది మీ దగ్గరే.

ప్రశ్న: మాది మక్తల్ వైపు. పాపకు నాలుగేళ్లు, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పడం). పనికి పుణె పోతాం, ఉగాదికి వస్తాం. పాపను హాస్టల్‌లో పెట్టాలా?
– ఒక తండ్రి

జవాబు: నాలుగేళ్ల పిల్లకు హాస్టల్ వద్దు, వెంట తీసుకెళ్లండి. వెళ్లేముందు ఫిజియోథెరపిస్టు చేయించే ఎక్సర్‌సైజులను వాళ్లను అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి. పడుకోబెట్టి తినిపించకండి, కూర్చోబెట్టి తల వెనక్కి వాలకుండా పట్టుకుని, చెంచా ఎదురుగా తెచ్చి పెట్టండి. మాటిమాటికీ పొలమారితే డాక్టర్‌కు చూపించాల్సిందే. అక్కడి అంగన్‌వాడీలో కూడా పేరు రాయించుకోవచ్చు, వలస వెళ్లేవాళ్ల కోసం అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆ వీలుంది. బయల్దేరేముందు మీ ఊరి టీచర్‌కు చెప్పండి.