నాన్నగారి గాలానికి లైసెన్సు ఖర్చెంత?

ప్రశ్న: శాన్‌హోసేకి వచ్చి నాలుగు నెలలైంది. మే నెలాఖరుకి అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నది గోదావరి ఒడ్డున ఊరు, గాలం వేయడం ఆయనకి సరదా. దగ్గర్లోని కౌంటీ పార్కులకి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఖర్చు ఎంతవుతుంది, ఏమేం చూసుకోవాలి?

జవాబు: పార్కుకి పోవడానికి డబ్బేమిటి అనుకోవడం కొత్తవాళ్ల మొదటి పొరపాటు. డబ్బు కట్టాం కదా, ఇక లోపల ఏమైనా చేయొచ్చు అనుకోవడం రెండోది. మొదటిదానికి పోయేది ఐదారు డాలర్లే, రెండోదానికి వందలు పోతాయి.

ముందు ఏ పార్కు ఎవరిదో తెలుసుకోండి. వసోనా, హెల్యర్, ఎడ్ లెవిన్, జోసెఫ్ గ్రాంట్ శాంటాక్లారా కౌంటీవి. ఉత్తరాన ఫ్రీమాంట్ వైపు పోతే అక్కడివి చాలావరకు ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్‌వి. రాష్ట్ర పార్కులు వేరు, యోసెమిటీలాంటి జాతీయ పార్కులు వేరు. ఒకరి పాస్ ఇంకొకరి గేటు దగ్గర చెల్లదు. ఏడాది పాస్ కొనేముందు దాని ధరని ఒక రోజు రుసుంతో భాగించండి. ఆ లెక్కన వచ్చినన్నిసార్లు మీరు నిజంగా వెళ్తారా? వచ్చిన ఉత్సాహంలో నాలుగు రకాల పాస్‌లూ కొనేసి డాష్‌బోర్డులో ఎండబెట్టుకున్న ఇళ్లు మనలో తక్కువేం లేవు.

రుసుం మనిషికి కాదు, బండికి. పన్నెండు మంది ఐదు కార్లలో వస్తే ఐదు రుసుములు, రెండు వ్యాన్లలో వస్తే రెండే. నడిచి వచ్చేవాళ్లకి, సైకిలు మీద వచ్చేవాళ్లకి ఏమీ లేదు. వసోనా గుండా లాస్ గేటోస్ క్రీక్ ట్రైల్, హెల్యర్ గుండా కయోటీ క్రీక్ ట్రైల్ పోతాయి. ఇల్లు వాటి దగ్గరైతే జేబు తడమక్కర్లేదు. గేటు దగ్గర మనిషి లేడంటే ఉచితం అనుకోకండి. పక్కన కవర్లూ ఇనప డబ్బా ఉంటాయి, లేదా మెషీను ఉంటుంది. కవర్లో డబ్బు పెట్టి, చీటీ చించి, అంకెలు పైకి కనబడేలా అద్దం దగ్గర పెట్టాలి. డబ్బా చిల్లర తిరిగివ్వదు కాబట్టి ఒకట్లూ ఐదులూ వెంట ఉంచుకోండి, లేకపోతే ఆరుకి ఇరవై వేసి రావాల్సి వస్తుంది. నేటి ధరలు కౌంటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

ఇక గాలం సంగతి. కాలిఫోర్నియాలో 16 ఏళ్లు నిండిన ఎవరికైనా లైసెన్సు ఉండాలి, చెరువు కౌంటీదైనా లైసెన్సు రాష్ట్రానిది. ఇక్కడే మీకు డబ్బు లెక్క మారుతుంది. దరఖాస్తుకి ముందు వరసగా ఆరు నెలలు రాష్ట్రంలో ఉన్నవాళ్లకే స్థానికుల ధర, అంటే ఏడాదికి 60 డాలర్ల పైచిలుకు. మీది నాలుగు నెలలే కాబట్టి మీరూ బయటివాళ్ల కిందే లెక్క, వాళ్ల ఏడాది లైసెన్సు రెట్టింపుకన్నా ఎక్కువ. తొందరపడి కొనకండి, ఇంకో రెండు నెలలు ఆగండి. నాన్నగారికి ఒకరోజు లైసెన్సు తీసుకోండి, అది స్థానికులకైనా బయటివాళ్లకైనా ఒకటే ధర, 20 డాలర్ల చిల్లర. పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఆ ధర మాత్రం ఆయన చెవిన వేయకండి, రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గాలం ముట్టరు. ఏటా రెండు శనివారాలు, ఒకటి జులై 4 దరిదాపుల్లో, ఒకటి సెప్టెంబరు లేబర్ డే దరిదాపుల్లో, లైసెన్సు లేకుండానే పట్టనిస్తారు. ఆయన వేసవంతా ఉంటే ఆ రోజులు క్యాలెండర్లో రాసిపెట్టుకోండి. ఆ రోజుల్లో మినహాయింపు లైసెన్సుకే, మిగతా నియమాలు అలాగే ఉంటాయి. పిల్లాడి పేరు చెప్పి తండ్రి గాలం విసరడం, చుట్టడం చేస్తుంటే వార్డెను, అంటే తనిఖీకొచ్చే రాష్ట్ర అధికారి, పిల్లాడిని కాదు, తండ్రిని అడుగుతాడు.

మన అలవాట్లలో రెండు ఇక్కడ కుదరవు. విసురు వల అసలు తీయకండి. తవుడో పిండో నీళ్లలో చల్లి చేపల్ని దగ్గరికి రప్పించడం కూడా ఈ చెరువుల్లో నిషేధమే. పిండి ముద్ద గాలానికి గుచ్చితే ఇబ్బంది లేదు, బంగారుతీగకి ఇక్కడా అదే ఇష్టం. ఒక మనిషికి ఒక గాలపు కర్రే, రెండోదానికి వేరే డబ్బు.

మే చివర అంటే ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప కాలం దాటిపోతున్నట్టే. హెల్యర్‌లోని కాటన్‌వుడ్ లేక్ లాంటి చిన్న చెరువుల్లో ట్రౌట్‌ని చల్లటి నెలల్లో తెచ్చి వదులుతారు. నీళ్లు వేడెక్కితే అది ఎర ముట్టదు. ఆ రోజుల్లో బ్లూగిల్ అనే చిన్న చేప నమ్మకం: 8 లేదా 10 నంబరు చిన్న గాలం, సగం వానపాము, రెండు మూడడుగుల లోతున వేలాడేలా బెండు. వానపాము మొత్తం గుచ్చితే చివర కొరుక్కుని పోతుంది, బెండు ఊగుతుంది కానీ చేప రాదు. మన జెల్లని తలపించే క్యాట్‌ఫిష్‌కి కోడి కార్జం వేయండి, నేలకి ఆనేలా సీసం కట్టి, సాయంత్రం పూట. చలికాలంలో మీరే ట్రౌట్‌కి పోతే 4 నుంచి 6 పౌన్ల బరువు ఆపే సన్న తీగ కట్టండి, జారే సీసం కింద అడుగున్నర నుంచి రెండడుగుల తీగ వదిలి, తేలే పిండి ఎర పెట్టండి. తీగ లావైతే ట్రౌట్‌కి కనబడుతుంది. రోజుకి ఐదే పట్టాలి.

పట్టింది వండేముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ శాంటాక్లారా లోయ దక్షిణ కొండల్లో ఒకప్పుడు పాదరసం గనులుండేవి, ఆల్మడెన్ క్విక్‌సిల్వర్ పార్కు పేరు అందుకే. ఆ పాదరసం ఇప్పటికీ నీళ్లలో ఉంది. ఆల్మడెన్, గ్వాడలూప్, కలేరో రిజర్వాయర్ల చేపలు తినొద్దని రాష్ట్ర హెచ్చరిక ఉంది. పులుసులో పాదరసం పోదు, చింతపండు ఎంత వేసినా. అక్కడ పడితే నీళ్లలో వదిలేయండి. మిగతా చోట్ల ఒడ్డున బోర్డు చదివాకే సంచిలో వేసుకోండి.

పడవ సంగతి త్వరగా చెప్తా. వసోనాలో మోటారు పడవలు ఉండవు, తెడ్డు పడవలకి అమ్మానాన్నలతో అదే హాయి. గాలి నింపే పడవ కొంటే తలా ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, 13 ఏళ్లలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే కూర్చోవాలి. పడవ శుభ్రంగా, పొడిగా ఉండాలి. క్వాగా, జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు తడి అడుగున ప్రయాణించి రిజర్వాయర్ల గొట్టాలు మూసేస్తాయి, 2024లో డెల్టాలో గోల్డెన్ మసెల్ అనేదీ దొరికింది. అడుగున గ్లాసుడు నీళ్లున్నా తనిఖీలో వెనక్కి పంపుతారు.

పిక్నిక్‌కి ముందుగా బుక్ చేసే బల్లలు, ముందొచ్చినవాళ్లకి దక్కే బల్లలు అని రెండు రకాలు. పదిమంది లోపైతే రెండోవే చాలు, శనివారం తొమ్మిదికల్లా ఒకరు ముందెళ్లి దుప్పటి పరిచి కూర్చోవాలి. వసోనా పచ్చికలో బాతులు తిరుగుతాయి, వాటి గుర్తులూ ఉంటాయి, కాబట్టి చాప కింద టార్పాలిన్ వేయండి.

పన్నెండు మందికి చికెన్ కాల్చాలంటే 8 పౌన్ల బొగ్గు సంచి ఒకటి చాలు. పెట్రోలు వాసనొచ్చే ద్రవం పోయకండి, కారంకన్నా ముందు అదే నాలిక్కి తగులుతుంది. పొగగొట్టంలాంటి రేకు డబ్బా ఒకటి కొని, బొగ్గులు నింపి, కింద పాత పేపరు ముట్టించండి. 15 నుంచి 20 నిమిషాల్లో పై బొగ్గులకి బూడిద రంగు వస్తుంది. అంతకుముందే ముక్కలు పెడితే పెరుగు మసాలా మాడి లోపల పచ్చిగా ఉంటుంది. బొగ్గులన్నీ ఒక పక్కకి తోసి, మంట మీద రంగొచ్చాక ముక్కల్ని రెండో పక్కకి జరపండి. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. వేడి బొగ్గుల్ని చెత్తడబ్బాలో పడేస్తే డబ్బా అంటుకుంటుంది, వాటికి వేరే పీపాలుంటాయి. వేసవిలో నిప్పు ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో బొగ్గు పూర్తిగా బందు, అందుకే పులిహోర ఎప్పుడూ వెంట ఉండాలి. పెరుగన్నం బయట రెండు గంటలు, 90 డిగ్రీల ఎండలో గంట, అంతకుమించి ఉంచొద్దు. ఐసు కొనకండి, ముందురోజు నీళ్ల సీసాలు గడ్డకట్టించి డబ్బాలో పేర్చండి. డబ్బు మిగులుతుంది, తర్వాత తాగనూవచ్చు.

నడకకి ఎడ్ లెవిన్ నుంచి మాన్యుమెంట్ పీక్ ఎక్కుదామని అనిపిస్తుంది. వయసైనవాళ్లతో వద్దు, అది రెండువేల అడుగులకి పైగా ఎక్కుడు, చెట్టు నీడ దాదాపు లేదు. అక్కడే కింద శాండీ వూల్ లేక్ చుట్టూ నడవండి, చాలు. మీరెక్కితే ఎనిమిదిలోపు మొదలుపెట్టి, గంటకి అరలీటరు చొప్పున నీళ్లు మోయండి. దారిలో ఆవులుంటాయి, మన ఆవులనుకుని నిమరబోకండి.

అన్నిటికన్నా ముఖ్యం పాయిజన్ ఓక్. మూడేసి ఆకుల పొద, వసంతంలో మెరుస్తూ, వేసవి చివర ఎర్రగా, చలికాలంలో ఒట్టి పుల్లలుగా ఉంటుంది. పుల్ల తగిలినా దద్దుర్లే. ఇది మామిడి, జీడి కుటుంబానిదే. మామిడికాయ సొనకి మూతి పొక్కేవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లని దారి మధ్యనే నడవమనండి. తగిలిందనిపిస్తే వెంటనే చల్లటి నీళ్లు, సబ్బుతో గట్టిగా కడగాలి. బట్టలూ బూట్ల తాళ్లూ విడిగా ఉతకాలి, ఆ జిడ్డు వాటి మీద చాలాకాలం ఉంటుంది.

సూర్యాస్తమయానికి గేటు మూస్తారు. అరగంట ముందే సామాన్లు కారెక్కించండి. మూసిన గేటు లోపల చిక్కిన బండికి జరిమానా చీటీ రాశారంటే, ఆ డబ్బుతో ఇలాంటి ఆదివారాలు చాలానే గడిచేవి.