ముందు మామూలు పిండాన్ని చూడు

చిరంజీవికి పిన్ని ఆశీస్సులు.

ల్యాబ్‌లో చేరావని, పండు ఈగల మీద పని ఇచ్చారని తెలిసి సంతోషించాను. ఏ జన్యువు పట్టుకుంటే త్వరగా పేపరు వస్తుందో చెప్పమన్నావు. ఆ సంగతి మీ గైడు చూసుకుంటారు. నేను చెప్పేది వేరు: మ్యుటెంట్ల, అంటే జన్యువు మారిన ఈగల, జోలికి వెళ్లకముందు కొన్నాళ్లు ఏ లోపమూ లేని పిండాలనే చూడు. మామూలుది కంటికి అలవాటు కానిదే తేడా పట్టుబడదు.

పళ్లరసం అగర్ ప్లేటు మీద గంటసేపే గుడ్లు పెట్టనివ్వు. రాత్రంతా వదిలేస్తే అన్ని వయసులూ కలిసిపోతాయి. సగం నీళ్లు కలిపిన బ్లీచ్‌లో రెండు నిమిషాలుంచితే పై పెంకు కరుగుతుంది. గుడ్డుకు ముందువైపున్న రెండు కొమ్ములు కనపడకుండా పోతే పని అయినట్టే. బాగా కడిగి, హాలోకార్బన్ నూనెలో ఉంచి, మైక్రోస్కోప్ దగ్గర కూర్చో. మొదటి 13 విడతల్లో కేంద్రకాలే విడిపోతూ ఉంటాయి, వాటి మధ్య గోడలుండవు. దాదాపు 6000 కేంద్రకాలు అంచుకు చేరాక, 25 డిగ్రీల దగ్గరైతే మూడో గంటలో, ఒక్కోదాని చుట్టూ పొర దిగి కణాలవుతాయి. ఆ వెంటనే ముందు భాగంలో అడ్డంగా ఒక మడత పడుతుంది. అదెక్కడ పడుతుందో బాగా గుర్తుపెట్టుకో, దానితో పనుంది.

పిండంలో లోపం కనపడగానే పిండం జన్యువుల మీదే అనుమానం పెట్టుకోకు. ముందు తల్లి ఎవరో చూడు. బైకోయిడ్ అనే జన్యువునే తీసుకో. దాని ఎంఆర్ఎన్ఏని, అంటే ప్రొటీన్ తయారీకి పనికొచ్చే నకలుని, తల్లి గుడ్డు ముందు కొసన పెట్టి పంపుతుంది. అక్కడ తయారైన ప్రొటీన్ ముందు దట్టంగా, వెనక్కి పోయేకొద్దీ పలచగా పరుచుకుంటుంది. తల్లికి రెండు ప్రతులూ పాడైతే, తండ్రి ఎంత మంచి ప్రతి ఇచ్చినా పిండానికి తల, రొమ్ము భాగం ఏర్పడవు. ఆ తల్లి మాత్రం నిక్షేపంగా ఉంటుంది, ఎందుకంటే దానికి కావలసింది దాని తల్లి ఇచ్చింది. తల్లిలో బైకోయిడ్ ప్రతులు పెంచితే ఇందాకటి మడత వెనక్కి జరుగుతుందని 1988లో డ్రీవర్, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ చూపించారు. ప్రొటీన్ మోతాదు మారితే మడత చోటు మారుతుందన్నమాట. మామూలు మడత ఎక్కడ పడుతుందో తెలియనివాడికి ఈ ప్రయోగంలో ఏమీ కనపడదు.

బైకోయిడ్ తర్వాత పనిలోకి దిగి ఒంటిని ఖండాలుగా విడదీసే గ్యాప్, పెయిర్-రూల్, సెగ్మెంట్ పోలారిటీ జన్యువుల జాబితా బట్టీ పట్టకు. పెయిర్-రూల్ జన్యువైన ఈవెన్-స్కిప్డ్ పిండం మీద ఏడు చారలుగా కనపడుతుంది. వాటిలో రెండో చార ఒక్కటి పూర్తిగా అర్థం చేసుకో, చాలు. బైకోయిడ్, హంచ్‌బ్యాక్ ప్రొటీన్లు దాన్ని వెలిగిస్తాయి, అంటే అక్కడ జన్యువును పనిచేయిస్తాయి. ముందువైపు జెయింట్, వెనకవైపు క్రూపెల్ అనే ప్రొటీన్లు ఆర్పేస్తాయి. ఆ రెండింటి మధ్య మిగిలిన సందులోనే చార పడుతుంది. ఏడింటికీ కలిపి ఒకే స్విచ్ ఉంటుందని మాత్రం అనుకోకు.

న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ పిండంలో లోపాలు తెచ్చే జన్యువుల్ని వెతికి 1980లో ప్రచురించిన పనికి ఆధారం లార్వాల చర్మం మీది చిన్న ముళ్ల వరసలు. ఇద్దరూ ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఒక్కో మ్యుటెంట్ గురించి వాదించుకునేవారు. 1995లో ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. నువ్వూ అంతే, స్లైడ్ ఏదో చెప్పకుండా పక్కవాళ్లకు చూపించు. వాళ్లకూ అదే తేడా కనపడితేనే నోట్‌బుక్‌లో రాసుకో.

కణజాలాల దగ్గరికొచ్చేసరికి చాలామంది తొందరపడతారు. లార్వాలో రెక్కకు మూలమైన డిస్క్ అనే కణాల సంచి యాభై చిల్లర కణాలతో మొదలై, లార్వా దశ ముగిసేసరికి సుమారు 50,000 కణాలవుతుంది. అక్కడ ఏ జన్యువునైనా వెలిగించడానికి 1993లో బ్రాండ్, పెరిమన్ ఇచ్చిన గాల్4-యూఏఎస్ పద్ధతి ఉంది: గాల్4 ప్రొటీన్ యూఏఎస్ అనే డీఎన్ఏ ముక్కకు అంటుకుని పక్కనున్న జన్యువును వెలిగిస్తుంది. తేలిక కాబట్టే జాగ్రత్త. లేనిచోట వెలిగిస్తే ఆ జన్యువు ఏం చేయగలదో తెలుస్తుంది, మామూలుగా ఏం చేస్తుందో కాదు. 1995లో గేరింగ్ బృందం ఐలెస్ అనే జన్యువును వెలిగించి రెక్కల మీద, కాళ్ల మీద కళ్లు పుట్టించింది. అది గట్టిగా నిలబడిందంటే, ఐలెస్ పోతే కన్ను తగ్గడమో పోవడమో జరుగుతుందని అప్పటికే తెలుసు కాబట్టి. పోగొట్టి చూసిన ఫలితం లేకుండా వెలిగించిన ఫలితం ఒక్కటే పట్టుకుని మీటింగ్‌లో నిలబడకు.

పోగొట్టేటప్పుడు కూడా ఈగ మొత్తంలో పోగొడితే చాలాసార్లు పిండం దగ్గరే చచ్చిపోతుంది. డీఎన్ఏను కోసి అతికించే ఎఫ్ఎల్‌పీ-ఎఫ్ఆర్‌టీ పద్ధతితో ఒక చిన్న మచ్చలోనే, అంటే కొద్ది కణాల గుంపులోనే, పోగొట్టు. ఆ మచ్చ సరిహద్దు దగ్గర ఎక్కువసేపు ఆగు. వింగ్‌లెస్ అనే జన్యువు లేని కణాలు పక్కవాటి నుంచి వచ్చే ఆ ప్రొటీన్‌తో బాగానే గడిపేస్తాయి. అలాంటప్పుడు ఈ జన్యువుతో పని లేదని రాసేశావంటే పెద్ద పొరపాటు.

ఇంక్యుబేటర్ వేడి రోజూ రాసుకో. గాల్4 18 డిగ్రీల దగ్గర మందకొడిగా, 29 దగ్గర జోరుగా పనిచేస్తుంది. వర్జిన్, అంటే ఇంకా మగవాటితో కలవని, ఆడ ఈగల్ని 25 డిగ్రీల దగ్గర పుట్టిన 8 గంటల లోపే ఏరు. పాలిపోయిన ఒళ్లు, పొట్టలో నల్లటి చుక్క ఉంటే కొత్తగా పుట్టినట్టే. ఏరినవాటిని మగవాటితో కలిపే ముందు రెండు మూడు రోజులు విడిగా ఉంచు. వయల్‌లో, అంటే ఆ సీసాలో, లార్వాలు కనపడితే ముందే కలిసినట్టే, మొత్తం పారేసి మళ్లీ ఏరుకో.

పిన్ని