ఈఎన్8 షాఫ్ట్ పైపొర గట్టిపడాలంటే కార్బురైజింగా, ఇండక్షనా?

ఈఎన్8 (మధ్యస్థంగా కార్బన్ ఉన్న స్టీల్) షాఫ్ట్ ఆయిల్ సీల్ ఆనే చోట గాడి పడుతోంది, కార్బురైజింగ్ చేయించనా అని అడిగారు. వద్దండీ. ఇండక్షన్ హార్డెనింగ్ చేయించండి.

కార్బురైజింగ్ కార్బన్ తక్కువున్న స్టీల్ కోసం. 0.2 శాతం కార్బన్ ఉన్న స్టీల్‌ని ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచినా పెద్దగా గట్టిపడదు. అందుకే 900–950 డిగ్రీల దగ్గర, కార్బన్ ఇచ్చే వాయువులో గంటల తరబడి ఉంచి, పైపొరకు కార్బన్ ఎక్కించాక క్వెంచింగ్ చేస్తారు, అంటే ఒక్కసారిగా చల్లారుస్తారు. పైన 60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు) దాకా వస్తుంది, లోపల దెబ్బ తట్టుకునే గుణం మిగులుతుంది. మీ ఈఎన్8లో దాదాపు 0.4 శాతం కార్బన్ ముందే ఉంది. దాన్నీ అలాగే చేస్తే సన్నగా ఉన్న చోట్ల లోపలి దాకా గట్టిపడి పెళుసుబారుతుంది. ఇండక్షన్‌లో కరెంటు పారే కాయిల్ షాఫ్ట్ చుట్టూ పెట్టి కొన్ని సెకన్లలో పైభాగం మాత్రమే ఎర్రబడేలా చేసి, వెంటనే నీళ్లు చల్లుతారు. 50–55 హెచ్‌ఆర్‌సీ వస్తుంది. సీల్ కింద అది చాలు.

ఇక లోతు సంగతి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒకసారి కార్బురైజింగ్ పిన్నులు చేయించాను. డ్రాయింగ్‌లో కేస్ (గట్టిపడిన పైపొర) లోతు 0.6 మి.మీ. అని రాశాను. గ్రైండింగ్‌కి ఒక్కో పక్కకు 0.3 మి.మీ. వదిలాను. క్వెంచింగ్‌లో పిన్ను 0.2 మి.మీ. వంగింది. గ్రైండింగ్‌లో ఒక పక్క 0.5 పోయింది, రెండో పక్క 0.1 మాత్రమే పోయింది. రెండు నెలల్లో పిన్నులు ఒకే పక్క అరిగి వెనక్కి వచ్చాయి. తప్పు హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లదేనని వాళ్లతో గట్టిగా మాట్లాడాను. తర్వాత ఒక పిన్ను అడ్డంగా కోసి, పాలిష్ చేసి, నైటాల్ (పొరలు కనబడేలా చేసే ఆమ్ల ద్రావణం) పూసి చూస్తే, గట్టి పొర ఒక పక్క మందంగా, ఇంకో పక్క వెంట్రుకంత ఉంది. గ్రైండింగ్‌కి పోయేది కలపకుండా లోతు రాసింది నేనే. మర్నాడే వెళ్లి క్షమాపణ చెప్పాను.

వంపు భయంతో నైట్రైడింగ్ (పైపొరకు నైట్రోజన్ ఎక్కించడం) వైపు చూస్తారేమో. 500–550 డిగ్రీల్లోనే జరుగుతుంది, క్వెంచింగ్ ఉండదు, జాబ్ దాదాపు వంగదు. నిజంగా మంచి పద్ధతి. కానీ నైట్రోజన్‌తో కలిసి గట్టిపడడానికి స్టీల్‌లో క్రోమియం, మాలిబ్డినం, అల్యూమినియం లాంటివి ఉండాలి. అవి ఉన్న ఈఎన్19, ఈఎన్41బీ లాంటి స్టీళ్లకి బాగుంటుంది. సాదా ఈఎన్8లో అంత గట్టి పొర రాదు.

షాఫ్ట్ ఇచ్చేటప్పుడు "గ్రైండింగ్ తర్వాత 1.5 మి.మీ. లోతు మిగలాలి" అని డ్రాయింగ్ మీదే రాయండి. గట్టిపరిచే భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గీసి చూపించండి. ఆ అంచు మెట్టు మూల దగ్గరో కీ గాడి చివరో పడకూడదు. పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. నీళ్లు చల్లి చల్లార్చాక ఆలస్యం చేయకుండా 150–200 డిగ్రీల్లో టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేయడం) చేయమనండి. అదే స్టీల్, అదే వ్యాసం ఉన్న ముక్క ఒకటి కలిపి ఇచ్చి, ముందు దాన్ని గట్టిపరిపించి కోసి చూడండి.