టాన్సిల్స్ తీయించుకున్నాక పద్నాలుగు రోజులు

నాన్నా,

బుధవారం ఆపరేషనని, సోమవారానికల్లా ఆఫీసుకి వెళ్లిపోతానని మీ అమ్మతో అన్నావట. ఆ లెక్క చిన్నపిల్లలకైతే కొంత దగ్గర. వాళ్లు వారం పది రోజుల్లో లేచి తిరుగుతారు. పెద్దవాళ్లకి మాటిమాటికీ వచ్చిన ఇన్‌ఫెక్షన్లతో టాన్సిల్ పక్కనున్న కండరానికి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని విడదీసిన చోట పుండు పెద్దదే అవుతుంది. పైగా సోమవారమంటే ఐదో రోజు, నొప్పి బాగా ముదిరే రోజు. ఇప్పుడే రెండు వారాలకి సెలవు రాసెయ్.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకో, సగం భయం తగ్గుతుంది. టాన్సిల్స్ తీసిన చోట మామూలుగా కుట్లేసి మూయరు. రెండు పక్కలా తెరిచిన పుళ్లు వాటంతటవే మానాలి. ఒకటి రెండు రోజుల్లో వాటిమీద తెల్లగా, పసుపచ్చగా పొర కడుతుంది. అద్దంలో చూసి చీము పట్టిందని హడలిపోకు. మోకాలు దోక్కుపోతే పక్కు కట్టదూ, ఇదీ అదే. ఎప్పుడూ తడిగా ఉండే చోటు కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. నోరు వాసనేస్తుంది, కొండనాలుక వాచి గొంతులో ఏదో వేలాడుతున్నట్టుంటుంది. అవీ తగ్గేవే. ఆ పొరని వేలితో గానీ దూదితో గానీ ముట్టుకోవద్దు. ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య అది ఊడుతుంది. కింద పచ్చి పుండు బయటపడుతుంది కాబట్టి నొప్పి మళ్లీ లేస్తుంది, రక్తం వచ్చే ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. మొదటి రెండు రోజులూ ఆసుపత్రి మందుల బలంతో "ఇంతేనా" అనిపిస్తుంది. అది నమ్మి మాత్రలూ నీళ్లూ తగ్గించేవాళ్లే ఐదో రోజున ఏడుస్తారు.

మాత్రలు నొప్పిని చూసి కాదు, గడియారాన్ని చూసి వేసుకో. పారాసెటమాల్ 650 మి.గ్రా. ఆరుగంటలకోసారి అని రాసిస్తే పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 12. రాత్రిది నిద్రలో పోనిస్తే తెల్లారేసరికి ఉమ్మి మింగడం కూడా కష్టమవుతుంది. అలారం పెట్టుకో. మాత్ర మింగలేకపోతే సిరప్ గానీ నీళ్లలో కరిగేది గానీ రాయమని డిశ్చార్జ్ రోజే అడుగు. జలుబు మాత్రల్లోనూ చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది. అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బున్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా హద్దు ఇంకా తక్కువ, అది డాక్టరు చెప్పాలి. ఆస్పిరిన్ జోలికి పోవద్దు. ఐబుప్రోఫెన్ డాక్టరు రాస్తేనే, అదీ ఏదైనా తిన్నాక. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు రాస్తే మలబద్ధకం వస్తుంది. ముక్కడం ఇప్పుడు మంచిది కాదు కాబట్టి దానికీ మందు అడుగు.

చెవిపోటు వస్తుంది, కొందరికి గొంతు కంటే అదే ఎక్కువ. చెవిలో ఏమీ ఉండదు. గొంతుకీ చెవికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి, ఇక్కడి నొప్పి అక్కడ తెలుస్తుంది. ఎవరైనా వెచ్చటి నూనె చుక్కలు వేస్తామంటే వద్దను.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. ఎండిన గొంతు ఎక్కువ నొప్పెడుతుంది, నొప్పికి భయపడి తాగకపోతే ఇంకా ఎండుతుంది. లీటరు సీసాలు రెండు మంచం పక్కన పెట్టుకో. మెలకువగా ఉన్నంతసేపూ పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగితే రాత్రికి రెండున్నర లీటర్లు దగ్గరపడతాయి. మొదటి గుక్కే కష్టం, మూడో గుక్కకి దారి ఇస్తుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తే తాగింది చాలలేదని అర్థం. మన ఇళ్లలో గొంతు బాగోకపోతే చల్లటివి ముట్టనివ్వరు. ఇక్కడ మాత్రం ఐసుముక్క చప్పరిస్తే వాపూ నొప్పీ తగ్గుతాయి. ఐస్‌క్రీమ్ కూడా తినొచ్చు, కానీ కొందరికి తెమడ చిక్కబడినట్టు ఉంటుంది. అలా అయితే మానెయ్. ఒక్కోసారి తాగింది ముక్కులోంచి రావచ్చు. కొన్నాళ్లకి సర్దుకుంటుంది.

తిండి మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి పెట్టుకో. గోరువెచ్చటి రాగిజావ, పలచటి పెసరకట్టు, మెత్తగా ఉడికించి మెదిపిన అన్నంలో తియ్యటి పెరుగు, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ. పెరుగన్నంలో తాలింపు వెయ్యొద్దని అమ్మకి ముందే చెప్పు. ఒక్క ఆవగింజ, ఎండుమిరప తొక్క ముక్క ఆ గుంటలో చిక్కుకుంటే గంటసేపు మంట, దగ్గు. గొంతుకి మంచిదని మిరియాల చారు కాస్తారు, ఇప్పుడు మిరియం, చింతపండు, టమాటా, నిమ్మకాయ అన్నీ నిప్పులే. అప్పడాలు, జంతికలు, కరకరలాడే దోసె అంచులు రెండు వారాలు పక్కన పెట్టాలి. అలాగని జావలతోనే గడపకు. నమలకపోతే దవడ బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మూడో రోజు నుంచి మెత్తటివైనా నమిలి తిను, మధ్యలో చక్కెర లేని చూయింగ్ గమ్ నములు.

పళ్లు తోముకోవచ్చు, మెల్లగా. టంగ్ క్లీనర్ నాలుక వెనక్కి పోనిచ్చి గట్టిగా కాండ్రించే అలవాటు మాత్రం మానాలి. ఉప్పునీళ్లు పోసుకుని గరగరా పుక్కిలించడమూ అంతే, పొర ముందే ఊడే ప్రమాదం ఉంది. డాక్టరు పుక్కిలించే మందు రాస్తే నోట్లో ఉంచుకుని మెల్లగా వదిలెయ్, చాలు. సిగరెట్, మద్యం వద్దు. జిమ్, బరువులు రెండు వారాలు వద్దు. రెండు మూడు దిండ్లతో తల ఎత్తుగా పెట్టి పడుకో. వాపుకి నోటితో ఊపిరి పీలుస్తావు, గొంతు ఎండుతుంది. లేచినప్పుడల్లా ఓ గుక్క తాగు.

మొదటి రెండు మూడు రోజులు జ్వరం 100 దాకా రావచ్చు. 101 దాటినా, పూటంతా గుక్క మింగలేకపోయినా డాక్టర్ని పిలువు.

రక్తం సంగతి జాగ్రత్తగా చదువు. ఉమ్మిలో సన్నటి చార కనిపించినా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. ఎర్రటి తాజా రక్తం చెంచాడు వచ్చినా, గడ్డ పడినా, ఆగిపోయినట్టున్నా వెళ్లాల్సిందే. చిన్నది వచ్చి ఆగాక పెద్దది రావడం ఉంది. పడుకోవద్దు. నిటారుగా కూర్చుని ముందుకి వంగి గిన్నెలోకి ఉమ్ము, మింగకు. మింగితే కడుపులో చేరి వాంతి అవుతుంది, ఎంత పోయిందో కూడా తెలియదు. కాఫీపొడిలా నల్లటి వాంతి వచ్చినా, నిద్రలో మాటిమాటికీ మింగుతున్నట్టున్నా రక్తమేమో అనుకోవాలి. బండి నువ్వు నడపకు. ధారగా వస్తుంటే 108కి ఫోన్ చెయ్యాలి. అందుకే ఆపరేషన్ అయిన ఆసుపత్రికి అందుబాటులోనే పద్నాలుగు రోజులూ ఉండు. పదో రోజుదాకా రాత్రిళ్లు పక్కన ఒకరుండాలి. ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు నీ ఫోన్‌లోనే కాదు, నీ రూమ్మేటు ఫోన్‌లోనూ ఎక్కించు. నోట్లో రక్తం ఉన్నప్పుడు నువ్వు మాట్లాడలేవు.

మీ పెద్దమ్మ